సత్తెయ్య కంటే ముందొచ్చిన చావు కబురు

గోదావరి మధ్యలో పుచ్చలంక ఉంది. పంటకాలంలో మనుషులు పడవలెక్కి వస్తారు, పాదులు పెడతారు, కాయలు కోసుకుని పోతారు. వాళ్ళు లేనన్నాళ్ళూ లంక జంతువులదే. వాటికో సభ ఉంది. సభ కూర్చోడానికి ఒక కళ్ళం ఉంది. సభకి పెద్ద పెద్దిరాజు అనే ఎద్దు. ఎంత నెమ్మదస్తుడంటే, ఉదయం అడిగిన ప్రశ్నకి సాయంత్రం జవాబు చెప్పి, "తొందరపడ్డానంటావా?" అని మళ్ళీ అడుగుతాడు. ఆయన మెడలో గంట మోగిందంటే ఎవరి పని వాళ్ళు వదిలేసి కళ్ళంలోకి రావాలి.

లంకకి కాపలాదళం కూడా ఉంది. నాలుగు కుక్కలు. వాటి నాయకుడు భూషణం. ఛాతీ ముందుకి, తోక పైకి, గొంతు ఇంకా పైకి.

భూషణం వచ్చాక లంకలో దొంగతనాలు తగ్గాయో లేదో ఎవరూ చూడలేదు గానీ, దొంగలు మాత్రం తగ్గారు. మొదట పందికొక్కు పైడయ్య పోయాడు. పైడయ్య అంటే లంకలో ఎవరికీ పడదు. మొక్కజొన్న కంకి మాయమైతే పైడయ్య, పుచ్చకాయకి బొక్క పడితే పైడయ్య. భూషణం అతన్ని పట్టుకున్న మర్నాడే పెద్దిరాజు గంట మోగింది. కళ్ళం పక్క జామచెట్టు మీద నుంచి చిలక వరహాలు కాపలాదళం తరఫున ప్రకటన చదివింది.

"దొంగసొత్తు చూపిస్తానని కాపలాదళాన్ని ఇసుకతిన్నె దగ్గరికి తీసుకెళ్ళిన నిందితుడు, అక్కడ దళం మీద రాళ్ళు రువ్వి, మెరుపు వేగంతో పారిపోబోయాడు. లొంగిపొమ్మని హెచ్చరించినా వినలేదు. ఆత్మరక్షణ కోసం కరవవలసి వచ్చింది. నిందితుడు అక్కడికక్కడే మరణించాడు."

లంకంతా కేరింతలు. భూషణం దగ్గరికి పుచ్చకాయలు దొర్లుకుంటూ వచ్చాయి. మేకలు డాన్సు కట్టాయి. పైడయ్య పెళ్ళాం కొండమ్మ ఒక్కతే ఒక మూల నిలబడి ఉంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు, చూసే తీరిక లేదు.

తర్వాత ముంగిస పోయాడు. మళ్ళీ గంట, మళ్ళీ వరహాలు, మళ్ళీ ఇసుకతిన్నె, మళ్ళీ రాళ్ళు, మళ్ళీ మెరుపు వేగం. మళ్ళీ పుచ్చకాయలు. ఇద్దరు దొంగలకీ ఒకే ఆలోచన ఎలా వచ్చిందో అని ఒక్కరికీ అనుమానం రాలేదు. దొంగలు కదా, ఒకే బడిలో చదువుకుని ఉంటారనుకున్నారు.

ఇలా ఉండగా బాతు మంగతాయారు గుడ్లు పోయాయి.

"నా గుడ్లు! నా బంగారాలు! పోయినాయండోయ్!" అని ఆవిడ కళ్ళం చుట్టూ తిరుగుతూ గోల పెట్టేసరికి లంక వేడెక్కింది.

"ఏం భూషణం గారూ, కాపలా అంటే ఇదేనా?" అంది మేక.

"రేపటికల్లా దొంగ దొరకాలి!" అంది గుంపు.

"దొరుకుతాడు," అన్నాడు భూషణం ఛాతీ ఇంకొంచెం ముందుకి తోసి. "దొరకడమేంటి, మిగలడు!"

చప్పట్లు మోగాయి. భూషణం దళంతో బయల్దేరి ముందు ఎదురైనవాణ్ణి పట్టుకొచ్చాడు. ఎదురైనవాడు తాబేలు సత్తెయ్య.

"నువ్వు బాతు గూటి దగ్గర ఏం చేస్తున్నావురా?" అని ఉరిమాడు.

"వెళ్తున్నానండి," అన్నాడు సత్తెయ్య.

"ఎక్కడికి?"

"గూడు దాటి అవతలికండి. మొన్న బయల్దేరాను."

"అబద్ధం! మొన్నటి నుంచి అక్కడే ఎందుకున్నావు?"

"అక్కడే లేనండి. వెళ్తూనే ఉన్నాను."

భూషణం అతన్ని ఒడ్డున ఒరిగిపోయిన పాత పడవలో పడేశాడు. అదే లంకకి జైలు.

మర్నాడు పొద్దున్న సత్తెయ్య పెళ్ళాం నూకాలు, మొగుడికి తామరదుంప పట్టుకుని జామచెట్టు కింద నుంచి వెళ్తోంది. పైనుంచి వరహాలు గొంతు వినపడింది. చిలక కళ్ళు మూసుకుని సాధన చేసుకుంటోంది.

"నిందితుడు సత్తెయ్య, దళం మీద రాళ్ళు రువ్వి, మెరుపు వేగంతో పారిపోబోయాడు... అక్కడికక్కడే మరణించాడు... ఊఁ, మరణించాడు దగ్గర గొంతు దించాలి..."

నూకాలు నోట్లోంచి దుంప జారిపోయింది.

"అమ్మా వరహాలూ! మా ఆయన ఎప్పుడు పోయాడే? నిన్న సాయంత్రం కూడా నాతో మాట్లాడాడు కదే!"

వరహాలు కళ్ళు తెరిచింది. "నాకేం తెలుసు వదినా? భూషణం గారు పొద్దున్నే వచ్చి, 'ఈసారి పేరు సత్తెయ్య, మిగతాదంతా పాతదే' అన్నారు. గంట మోగగానే చదవాలి. చదివితే జామపండు. పోయాడో లేదో నేను అడగలేదు. అది నా పని కాదు కదా."

నూకాలు పరుగు పెట్టింది. తాబేళ్ళ పరుగు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అయినా పాపం పెట్టింది. నేరుగా నక్క వీర్రాజు బొరియ దగ్గరికి పోయింది. లంకలో జిత్తులు కావాల్సినవాళ్ళు వెళ్ళేది అక్కడికే.

వీర్రాజు అంతా విని తోక సర్దుకున్నాడు. "అంటే ఇవాళే కానిచ్చేస్తారన్నమాట."

"అన్నయ్యా, వెంటనే సభకి చెబుదాం!"

"చెబితే? నువ్వు దొంగోడి పెళ్ళానివి. నేను నక్కని. మనిద్దరి మాటా కలిపినా ఒక చీమ కూడా నమ్మదు. అడిగితే ఆ చిలక 'నేనెక్కడన్నాను?' అంటుంది. నూకాలమ్మా, నేను మంచివాణ్ణని నీకు సాయం చేస్తున్నాననుకోకు. పైడయ్య అయ్యాడు, ముంగిస అయ్యాడు, సత్తెయ్య అవుతున్నాడు. ఈ వరసలో తర్వాతి పేరు ఎవరిదో నాకు తెలుసు. పొద్దున్నే గోదాట్లో చూసుకుంటే ఆ మొహమే కనపడుతోంది."

"మరి దారేంటి?"

"ఆ ప్రకటన సభంతా వినాలి. సత్తెయ్య ఊపిరి పీలుస్తుండగా వినాలి. ఒక్క మాట చెప్పు, వాళ్ళు మీ ఆయన్ని ఇసుకతిన్నెకి మోసుకుపోతారా, నడిపిస్తారా?"

"నడిపిస్తారు. నిన్న సింహాద్రి అంటుంటే విన్నాను, దేనికో అప్పుడు తెలియలేదు," అంది నూకాలు. సింహాద్రి అంటే దళంలో కుర్ర కుక్క, భూషణానికి తోక లాంటివాడు. "ఇసుక మీద కాలి ముద్రలు పడాలట. లేకపోతే పారిపోయాడంటే ఎవరు నమ్ముతారు అన్నాడు."

వీర్రాజు ఆనందం పట్టలేక బొరియలోనే రెండు పల్టీలు కొట్టాడు. "నడిపిస్తున్నారా! సత్తెయ్యని! పాత పడవ నుంచి ఇసుకతిన్నె దాకా! నూకాలమ్మా, మనకి బోలెడంత టైముంది! నువ్వెళ్ళి మీ ఆయనకి దుంప ఇచ్చి, ఒక్క మాట చెవిలో వెయ్యి. ఇవాళ కొంచెం నెమ్మదిగా నడవమను."

"ఇంకా నెమ్మదా? అప్పుడు వెనక్కి నడిచినట్టు ఉంటుందేమో అన్నయ్యా!"

"ఉంటే ఉండనీ!"

మధ్యాహ్నం దాటాక దళం సత్తెయ్యని పడవలోంచి దింపి బయల్దేరదీసింది. అదే వేళకి వీర్రాజు, పగిలిన పుచ్చకాయ ఒకటి పట్టుకుని కళ్ళంలో నెమరేస్తున్న పెద్దిరాజు దగ్గరికి చేరాడు.

"పెద్దయ్య గారూ, ఎండ మండిపోతోంది. మెడకి కాస్త పుచ్చరసం రాయమంటారా? చల్లగా ఉంటుంది."

పెద్దిరాజు చాలాసేపు ఆలోచించాడు. "ఏంటోయ్, ఇంత ప్రేమ?"

"పెద్దల సేవండి. ఆయ్!"

"నువ్వు సేవ చేస్తున్నావంటే నాకేదో పోతుందన్నమాట. సరే, రాయి. పోయాక చూద్దాం."

వీర్రాజు గంట చుట్టూ తీపి రసం దట్టంగా పూసి, పక్కకి తప్పుకుని కూర్చున్నాడు. ముందు ఒక ఈగ వచ్చింది. రుచి చూసింది. వెళ్ళి చుట్టాలని పిల్చుకొచ్చింది. చుట్టాలు వాళ్ళ చుట్టాలని పిల్చుకొచ్చాయి. పెద్దిరాజు ఓర్పుగలవాడే గానీ ఓర్పుకీ ఒక మెడ ఉంటుంది కదా! ఒక్కసారి తల విదిలించాడు.

గణగణగణ!

మేకలు మేత వదిలాయి. కుందేళ్ళు బొరియలు వదిలాయి. మంగతాయారు ఏడుపు కూడా మధ్యలో వదిలేసి వచ్చింది. కళ్ళం నిండిపోయింది.

"నేను మోగించలేదర్రా," అనబోయాడు పెద్దిరాజు. కానీ ఆయన నోరు తెరిచి మాట బయటికి వచ్చేలోపు వరహాలు జామకొమ్మ మీద రెక్కలు సర్దుకోవడం, గొంతు సవరించుకోవడం, మొదలుపెట్టడం అన్నీ అయిపోయాయి.

"దొంగసొత్తు చూపిస్తానని కాపలాదళాన్ని ఇసుకతిన్నె దగ్గరికి తీసుకెళ్ళిన నిందితుడు సత్తెయ్య, అక్కడ దళం మీద రాళ్ళు రువ్వి..."

కళ్ళం పక్కనే మొక్కజొన్న చేను. ఇసుకతిన్నె దారి ఆ చేను వెనక నుంచే. గంట మోగిన వేళకి దళం సరిగ్గా అక్కడే ఉంది. నాలుగు కుక్కల్లో రెండు నిలబడే నిద్రపోతున్నాయి.

"సార్, గంట!" అని సింహాద్రి గుసగుసలాడాడు. "మనం ఇంకా మొదలే పెట్టలేదు సార్!"

"ఎవడ్రా మోగించింది? నేను మొరిగితే కదా మోగాలి!"

"ఇక్కడే కానిచ్చేద్దామా సార్?"

"ఇక్కడ ఇసుకుందట్రా వెధవా? మట్టి! అక్కడ వరహాలు ఇసుకతిన్నె అని చదివేస్తుంటే, శవం మొక్కజొన్నలో దొరికితే ఎలా? మాట తేడా వస్తే పరువు పోదూ? ముందు వీణ్ణి తిన్నె దాకా తోలు!" భూషణం కంగారులో తను ఎక్కడున్నాడో మర్చిపోయి గొంతు పెంచేశాడు. "నడవరా సత్తెయ్యా! నీకు దండం పెడతాను, కాస్త తొందరగా నడవరా బాబూ!"

"వస్తున్నానండి," అన్నాడు సత్తెయ్య. "ఈ మట్టిగడ్డ దాటాలి కదండి. మీకేం, కాళ్ళున్నోళ్ళు."

సరిగ్గా అప్పుడే కళ్ళంలో వరహాలు గొంతు దించింది. "...అక్కడికక్కడే మరణించాడు."

సభ మొత్తం మొక్కజొన్న చేను వైపు తిరిగింది.

"మరణించినోడు మట్టిగడ్డ దాటుతున్నాడేంటే?" అంది ఒక మేక.

"ఆత్మేమో," అంది ఇంకో మేక.

"ఆత్మకి మట్టిగడ్డ అడ్డమేంటే!"

మొక్కజొన్న ఆకులు కదిలాయి. ముందు ఒక తల బయటికొచ్చింది. తర్వాత చాలాసేపటికి డిప్ప వచ్చింది. సత్తెయ్య సభని చూసి, "అందరూ ఉన్నారే! దణ్ణాలండి," అన్నాడు. వెనక నుంచి నాలుగు కుక్కలు ఆవలిస్తూ వచ్చి, ఆవలింత మధ్యలోనే ఆగిపోయాయి.

నూకాలు ఏడుస్తూ నవ్వుతూ మొగుడి వైపు బయల్దేరింది. ఆవిడ చేరేలోపు వీర్రాజు లేచి నిలబడ్డాడు.

"వరహాలమ్మా, చచ్చిపోయినాయన వచ్చాడు. ఏమంటావు?"

"నన్నడుగుతావేంటి?" అని చిలక బిత్తరపోయింది. "నాకు పొద్దున్నే చెప్పారు! పేరొక్కటే కొత్తది, మిగతాదంతా పాతదే! నా జామపండు నాకిచ్చేయండి, నేను పోతాను!"

కళ్ళంలో గుసగుస లేచింది. పెద్దిరాజు ఈగల్ని తోలుకుంటూ భూషణం వైపు చూశాడు. "భూషణం, ఏంటిది?"

భూషణం తోక దించలేదు. "చిన్న పొరపాటండీ. చిలక తొందరపడింది. విషయం మాత్రం నిజం. వీడు ఘోరమైన నేరస్తుడు. ఇందాక కూడా మా మీద రాళ్ళు రువ్వాడు."

"దేంతో?" అన్నాడు పెద్దిరాజు.

సత్తెయ్య తన పొట్టి చేతుల్ని ఒకటొకటిగా చూసుకుని, అందరికీ చూపించాడు. కుందేళ్ళు కిందపడి దొర్లాయి.

"సరే, రాళ్ళు వదిలేయండి!" అని అరిచాడు భూషణం. "వేగం సంగతేంటి? మెరుపు వేగం! పట్టుకోలేకపోతున్నాం, అందుకే కరవాల్సొస్తోంది!"

"అయితే మా ముందే చూపించు," అన్నాడు వీర్రాజు. "అతను పారిపోతాడు. కరవకుండా పట్టుకోవడం మీ వల్ల అవుతుందో కాదో మేం చూస్తాం. ఏం పెద్దయ్య గారూ?"

పెద్దిరాజు ఈసారి సాయంత్రం దాకా ఆగలేదు. "కానివ్వండి."

సత్తెయ్యని కళ్ళం మధ్యలో నిలబెట్టారు. నాలుగు కుక్కలూ వెనక వరసలో. "పారిపో!" అన్నాడు పెద్దిరాజు.

సత్తెయ్య పారిపోయాడు.

అలా పారిపోతూ ఉండగా మేకలు కొంచెం మేత మేసి వచ్చాయి. ఒక ఉడత చెట్టెక్కి దిగింది. సింహాద్రి కాలు గోక్కున్నాడు. సత్తెయ్య వేగాన్ని మెరుపు వేగంలోంచి తీసేస్తే మిగిలేది అదే మెరుపు వేగం.

"పట్టుకోండి సార్, పారిపోతున్నాడు!" అని మేకలు కేకలు.

"ఇవాళ నీరసంగా ఉన్నాడు," అని గొణిగాడు భూషణం. "మామూలుగా అయితే..."

"లొంగిపొమ్మని హెచ్చరించండి సార్! వినకపోతే ఆత్మరక్షణ!"

సత్తెయ్యకి మాత్రం ఇదేదీ వినపడటం లేదు. పారిపొమ్మన్నారు, పారిపోతున్నాడు. నేరుగా కళ్ళం చివర ఎండిన పుచ్చతీగల్లోకి దూరి, దేనికో తల తగిలి ఆగిపోయాడు. "అమ్మగారూ," అన్నాడు లోపల్నుంచి. "మంగతాయారు గారూ! ఇవి మీవేనాండి?"

బాతు ఊగుతూ పరుగెత్తి తీగలు తప్పించి చూసింది. గుడ్లన్నీ చక్కగా, చల్లగా ఆకుల కింద ఉన్నాయి.

"అయ్యో నా మతిమండా! గూట్లో ఎండ తగులుతోందని నేనే కదూ ఇక్కడికి దొర్లించింది!"

నవ్వు లంక ఒడ్డు దాటి గోదావరి మీద పోయింది. పెద్దిరాజు కూడా గంట మోగేలా నవ్వాడు. మళ్ళీ సభ పెట్టారనుకుని ఎక్కడో మిగిలిన రెండు కుందేళ్ళు కూడా పరిగెత్తుకొచ్చాయి.

ఆ నవ్వు మధ్యలో ఒక మూల నుంచి పందికొక్కు కొండమ్మ ముందుకొచ్చింది.

"మరి మా ఆయన?"

గొంతు పెద్దగా లేదు. అయినా అందరికీ వినపడింది.

"గుడ్లు దొరికాయి. సత్తెయ్యన్న దొరికాడు. మా ఆయన కంకులు దొంగిలించేవాడు, నిజమే. తిట్టండి. సభకి ఈడ్చండి. పళ్ళు రాలగొట్టండి. కానీ అతనికి కుడికాలు కుంటి అని మీ అందరికీ తెలుసు. మెరుపు వేగంతో పారిపోయాడని చిలక చదువుతుంటే మీలో ఒక్కళ్ళు కూడా, 'కుంటోడు ఎలా పరిగెత్తాడమ్మా?' అని అడగలేదు. చప్పట్లు కొట్టారు."

మేకలు నేల వైపు చూశాయి. మంగతాయారు గుడ్ల మీద కూర్చుని మొహం రెక్కలో దాచుకుంది. వీర్రాజు కూడా తోక ముడుచుకున్నాడు. ఆ రోజు చప్పట్లు గట్టిగా కొట్టినవాళ్ళలో అతనూ ఉన్నాడు.

పెద్దిరాజు లేచి కొండమ్మ ముందుకి నడిచాడు.

"తప్పు భూషణం ఒక్కడిదే కాదు, ఆ గంట మోగించింది నేను," అన్నాడు. "ఇక నుంచి దళం ఎవర్ని ఎక్కడికి తీసుకెళ్ళినా, అతని ఇంటివాళ్ళొకరు, సభ నుంచి ఒకరు వెంట నడవాలి. ఎవరైనా పోతే ఎలా పోయారో తేల్చేది సభ. చంపినవాళ్ళు చెప్పిందే చిలక చదవడం ఇవాళ్టితో ఆఖరు. పైడయ్య సంగతి, ముంగిస సంగతి మళ్ళీ మొదట్నుంచి విచారిస్తాం. అది తేలేదాకా భూషణం పాత పడవలో ఉంటాడు."

భూషణం తోక అప్పుడు దిగింది.

సింహాద్రి వెంటనే ముందుకి దూకాడు. పెద్దయ్యకి పనికొస్తానని చూపించుకోవాలని వాడి ఆత్రం. "నేను తీసుకెళ్తానండి పెద్దయ్య గారూ! మేం ముగ్గురం తీసుకెళ్తాం! పడవ దాకానే కదా, ఇసుకతిన్నె మీదుగా చుట్టూ తిప్పి..."

"వద్దు!" అని భూషణం పెట్టిన కేకకి జామచెట్టు మీద వరహాలు ఉలిక్కిపడి ఎగిరింది. అతను నాలుగు కాళ్ళూ నేలకి ఆనించి అక్కడే కూలబడ్డాడు. "ఇసుకతిన్నె మీదుగా వద్దు! వీళ్ళతో ఒంటరిగా పంపకండి! నేనేం రాళ్ళు రువ్వను! నేను పారిపోను! బాబ్బాబు, సభ నుంచి ఎవరైనా రండి! ఎవరో ఒకరు చూస్తుండాలి!"

"ఎవరొస్తే ధైర్యంగా ఉంటుంది?" అని అడిగాడు పెద్దిరాజు.

భూషణం చుట్టూ చూశాడు. సభంతా చూపు తిప్పుకుంది. చివరికి అతని కళ్ళు సత్తెయ్య పక్కన నిలబడిన నూకాలు మీద ఆగాయి.

"అమ్మా, నూకాలమ్మా! తల్లీ! నువ్వు నా వెంట నడువు!"

నూకాలు మొగుడి వైపు చూసింది. సత్తెయ్య తల ఊపాడు. "వెళ్ళి రావే. పాపం భయపడుతున్నాడు."

"వస్తానండి భూషణం గారూ," అంది నూకాలు. "కాకపోతే నా నడకతోనే మీరూ నడవాలి. మా ఆయనంత వేగం నాకు లేదు."

"ఎంత నెమ్మదైనా సరే, తల్లీ!"

అలా ముందు నూకాలు, ఆమె నీడని కూడా వదలకుండా వెనక భూషణం, వాళ్ళ వెనక ఆవలిస్తూ మూడు కుక్కలు పాత పడవ వైపు బయల్దేరాయి. సత్తెయ్య మాత్రం గబగబా వెనక్కి తిరిగాడు. బాతు గూడు అవతల అతనికింకా పని మిగిలే ఉంది.

చంపినవాడి నోట చచ్చినవాడి కథ విని చప్పట్లు కొట్టే ఊరు, ఒకనాడు తన కథ కూడా ఆ నోటే వినాల్సి వస్తుంది.